అడవిపువ్వులకు పేరు పెట్టిన వైద్యుడు: విలియం రాక్స్‌బర్గు (1751–1815)

1785వ సంవత్సరము జూన్ మాసమున, కాకినాడ చెంతనున్న జగన్నాథపురములో ఒక పరదేశి వైద్యుడు మరణశయ్యపై నుండెను. ఆయన పేరు యోహాను గెరార్డు కోనిగ్. బాల్టిక్ ప్రాంతమున జన్మించి, స్వీడను దేశములో లిన్నేయసు పండితుని యొద్ద వృక్షశాస్త్రము నేర్చి, 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా మన దేశమునకు వచ్చినవాడు. పదునేడు సంవత్సరములు ఎండలనక వానలనక మొక్కల వెంట తిరిగినవాడు. ఆయనకు చికిత్స చేసినది సామర్లకోటలో నున్న ఒక స్కాట్లాండు వైద్యుడు. చికిత్స ఫలింపలేదు. కోనిగ్ కన్నుమూసెను, ఆయన వ్రాతప్రతులు లండనులోని సర్ జోసఫ్ బ్యాంక్సుకు చేరెను. కాని ఆయన నేర్పిన విద్య మాత్రము గోదావరి మండలమునందే నిలిచెను. దానిని నిలిపిన ఆ స్కాట్లాండు వైద్యుడే విలియం రాక్స్‌బర్గు.

మన సంచికలలో సాధారణముగా మిషనెరీల జీవితములను, భక్తుల జీవితములను చదువుచుందుము. రాక్స్‌బర్గు మిషనెరీ కాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ జీతగాడు. బోధకుడని గాని భక్తి గ్రంథకర్తయని గాని ఎవరును చెప్పలేదు, నేనును చెప్పబోను. అయినను ఆయన జీవితము ఇచ్చట వ్రాయదగినదే. ఆయనకు గురువులు తరంగంబాడి మిషనువారు. ఆయన మరణానంతరము ఆయన గ్రంథమును మరుగున పడనీయక కాపాడినది శ్రీరాంపురము కేరీ. ఈ రెంటి నడుమ ఆయన చేసిన పని మన తెలుగు అడవులలో, మన తెలుగు పేర్లతో జరిగినది. మన క్రైస్తవ గృహములలో అనేకులకు ఈ సంగతి తెలియదు.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లాండులోని ఎయిర్ మండలమున, క్రెయిగీ అను గ్రామపరిధిలో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయములో వైద్యము చదివెను. ఆ దినములలో మందులన్నియు దాదాపుగా మొక్కలనుండియే వచ్చుచుండెను గనుక వైద్య విద్యార్థి వృక్షశాస్త్రము చదువక తప్పదు. అచ్చట ఆచార్యుడు జాన్ హోపు. లిన్నేయసు ఏర్పరచిన క్రొత్త పద్ధతిని బ్రిటనులో ముందుగా బోధించినవారిలో ఆయన ఒకడు. ఇరువదియేండ్లు దాటగానే రాక్స్‌బర్గు కంపెనీ ఓడలపై వైద్యుని సహాయకుడుగా ప్రయాణములు చేసి, 1776లో చెన్నపట్టణమున సహాయ వైద్యుడుగా కుదిరెను. చెన్నపట్టణములో దినదినమును గాలి, వేడిమి, వానలను కొలిచి వ్రాసిన ఆయన దినచర్య లండను రాయల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయ్యెను. చూచినదానిని చూచినట్లు, చూచిన దినముననే వ్రాయు ఈ అలవాటు ఆయనను కడవరకు విడువలేదు.

తరువాత నాగూరు ప్రాంతమున నున్నప్పుడు తరంగంబాడి దగ్గరాయెను. 1706లో జీగెన్‌బల్గు అడుగుపెట్టిన ఆ చిన్న రేవుపట్టణమున, మూడు తరముల తరువాత, మిషను పెద్దలలో కొందరు సువార్తపనితో పాటు మొక్కలను సేకరించి, ఎండబెట్టి, పేర్లు తెలిసికొని, ఒకరికొకరు పంచుకొనుచుండిరి. కోనిగ్ వారిలో మొదటివాడు. క్రిస్టఫ్ సామ్యూలు జాను, యోహాను పేతురు రాట్లరు అను బోధకులును అందులోనివారే. రాట్లరు తమిళ నిఘంటువును కూర్చినవాడు, ప్రార్థనా పుస్తకమును తమిళమున అనువదించినవాడు. ఆయన ఎండబెట్టి దాచిన మొక్కలు యూరపు సంగ్రహాలయములకు చేరెను. అనువాదము నా వృత్తి గనుక ఇది నాకు వింతగా తోచదు. వాక్యములోని ఒక్క మాటకు సరియైన మాటకై వారములు వెదకువానికి, ఒక పువ్వులోని కేసరములను లెక్కించుటకు కూడ ఓపిక యుండును.

ఇచ్చట లిన్నేయసు పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పవలెను. అంతకుముందు ఒక మొక్కకు లాటిను భాషలో ఒక వాక్యమంత పొడుగు పేరుండెడిది. లిన్నేయసు దానిని రెండు మాటలకు కుదించెను. మొదటిది జాతి పేరు, రెండవది ఆ జాతిలో ఆ మొక్కకు సొంత పేరు. యూరపువారు తమ పేరు ముందు చెప్పి ఇంటిపేరు తరువాత చెప్పుదురు. లిన్నేయసు మొక్కలకు మాత్రము, మన తెలుగువారివలె, ఇంటిపేరు ముందు పెట్టి సొంత పేరు తరువాత పెట్టెను. అయితే పేరొక్కటి పెట్టినంత మాత్రమున చాలదు. ఆకు, పువ్వు, కాయ, గింజ ఎట్లుండునో వర్ణించి, ఆ వర్ణనను అచ్చు వేయవలెను. ఎవరి వర్ణన ముందుగా అచ్చగునో వారి పేరే నిలుచును. ఈ కడపటి నియమము రాక్స్‌బర్గును ఎంత బాధపెట్టెనో ముందు చూతము.

1781 ప్రాంతమున రాక్స్‌బర్గు సామర్లకోటకు వచ్చెను. అచ్చట కంపెనీవారి తోట ఆయన చేతికి వచ్చెను. మిరియము, కాఫీ, దాల్చిన, నీలిమందు, పట్టుపురుగులకు మల్బరీ, ఇట్టి ధనమిచ్చు మొక్కలను పెంచుటయే కంపెనీ కోరిక. ఆయన వాటిని పెంచెను. పిఠాపురము, పెద్దాపురము సీమలలో రైతులు చెరకు నాటి, గానుగాడి, బెల్లము వండు విధమును చూచి, దానిని వివరముగా వ్రాసి పంపెను. కాని తోట గట్టు దాటి అడవులలోనికి, కొండలలోనికి పోయినప్పుడే ఆయన మనస్సు నిండెడిదని ఆయన వ్రాతలు చూచినవారికి తోచును. ఎవరికిని రూకలీయని ముండ్లతీగకు కూడ ఆయన పుటలు కేటాయించెను.

1787లో గోదావరి సముద్రములో కలియుచోట పెనుతుఫాను లేచి, ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ముంచెను. కోరంగి రేవు నాశనమయ్యెను. వేలకొలది జనులు చనిపోయిరి. ఆ నీటిలో రాక్స్‌బర్గు పుస్తకములు, కాగితములు, అంతవరకు కూర్చిన ఎండుమొక్కలు కొట్టుకొనిపోయెను. ఏండ్ల తరబడి చేసిన కష్టము ఒక్కపూటలో పోయినది. ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. మనకిప్పుడు లభించుచున్న ఆయన గ్రంథములన్నియు ఆ రెండవ ప్రారంభమునుండి వచ్చినవే.

1789 ప్రాంతమున ఆయన కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. కోనిగ్ తరువాత ఆ పనిలో నున్నవాడు విశాఖపట్టణమున పాములను గూర్చి పరిశోధించిన పాట్రిక్ రస్సెల్. ఆయన స్వదేశమునకు పోయి, తీరప్రాంతపు మొక్కలను గూర్చి ఒక గొప్ప గ్రంథము వేయించుటకు లండనులో పూనుకొనెను. దానికి మొక్కలను పంపువాడు రాక్స్‌బర్గు. ఈ పనికై ఆయన దేశీయ చిత్రకారులను జీతమునకు పెట్టుకొనెను. మొక్క వాడిపోకమునుపే వారు దాని రూపమును, రంగును కాగితముపై దించవలెను. పువ్వును కోసి లోపలి భాగములను విడివిడిగా గీయవలెను. దేవాలయముల గోడలకును కలంకారీ వస్త్రములకును అలవాటుపడిన మన చిత్రలేఖనమునకు ఇది క్రొత్త పని. అయినను వారు గీసిన ఆకుల ఈనెలు, మొగ్గల నూగు చూచి యూరపు పండితులు ఆశ్చర్యపడిరి. 1794 నాటికి లండను చేరిన సుమారు 500 చిత్రములనుండి బ్యాంక్సు 300 ఎన్నుకొనగా, 'కోరమాండలు తీరపు మొక్కలు' అను మూడు సంపుటములు 1795 మొదలు 1820 వరకు విడతలు విడతలుగా వెలువడెను. కడవరకు రాక్స్‌బర్గు గీయించిన చిత్రములు 2,500కు పైబడినవి. ఆ సంపుటముల ముఖపత్రములపై రాక్స్‌బర్గు పేరు కలదు, బ్యాంక్సు పేరు కలదు. సామర్లకోటలో కుంచె పట్టినవాని పేరు లేదు. ప్రతి మొక్కకు పేరు వెదకిన మనుష్యుడు తన ప్రక్కన కూర్చున్న మనుష్యుల పేర్లు వ్రాయకపోవుట నాకు బాధాకరముగా నున్నది. ఆ కాలపు వాడుక అట్టిదని చెప్పవచ్చును. ఆ మాట వలన బాధ తగ్గదు.

మొక్కల తెలుగు పేర్లను మాత్రము ఆయన విడువలేదు. లాటిను పేరు పెట్టి, దాని క్రింద తెలుగువారు దానిని ఏమందురో ఇంగ్లీషు లిపిలో వ్రాసెను. ఏ పశువుల కాపరియో, ఏ మంత్రసానియో, ఏ కొండదొరయో చెప్పిన మాటలవి.

వాటిలో ఒకటి మాత్రము ప్రపంచమంతయు తిరిగినది. మన మెట్టభూములలో, రాళ్లసందులలో, ముండ్లకంపల నీడలో ఆకులు లేని ఒక మొక్క యుండును. కాడలు నాలుగు పలకలుగా, కండగలిగి, చివరకు సన్నగిలి నిలువుగా లేచును. వాటిమీద చిన్న చిన్న ఊదారంగు పువ్వులు. కొన్ని చోట్ల దీనిని కుందేటికొమ్ములందురు. రాక్స్‌బర్గు దానికి 'స్టపీలియా అడ్సెండెన్స్' అని పేరు పెట్టి, తెలుగువారు దానిని కారల్లమందురనియు, లేత కాడలను పచ్చివిగనే తిందురనియు వ్రాసెను. కొన్ని యేండ్లకు రాబర్టు బ్రౌను అను పండితుడు ఈ మొక్క ఆఫ్రికా స్టపీలియాల ఇంటిది కాదని కనుగొని, దానికి వేరుగా ఇంటిపేరు కావలసివచ్చి, రాక్స్‌బర్గు వ్రాసిన తెలుగు మాటనే తీసికొని 'కరల్లూమా' అనెను. ఈ దినమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ మొక్కను పిలువవలెనన్న తెలుగు మాటనే పలుకవలెను. కరవు దినములలో బీదలు ఆకలి అణచుకొనుటకు నమలిన ఈ కాడల సారమునే ఇప్పుడు విదేశములలో బరువు తగ్గుటకు మాత్రలుగా చేసి అమ్ముచున్నారు. తినలేనివాని తిండి, తిని తిని అలసినవాని మందాయెను.

మరియొకటి సోమిద. జ్వరములు నిత్యమై యున్న ఆ మండలమున వైద్యునికి సింకోనా బెరడు కావలెను. అది దక్షిణ అమెరికానుండి రావలెను, వెల ఎక్కువ. ఈ చేదు బెరడు దానికి బదులు పనిచేయునేమోయని ఆయన తన రోగులకిచ్చి చూచెను. బెరడును ఎడింబరోకు పంపి పరీక్షింపజేసెను. ఆయన పెట్టిన పేరులోని రెండవ భాగము 'ఫెబ్రిఫ్యూగా', అనగా జ్వరమును పారద్రోలునది. తరువాతివారు ఇచ్చిన ఇంటిపేరు 'సోయ్‌మిడా'. అది మన సోమిదయే. సింకోనా స్థానమును అది పొందలేకపోయినను పేరు నిలిచినది.

చెట్లమీద వ్రేలాడు బదనికలలో గళ్లగళ్లుగా గోధుమరంగు పువ్వు పూయు ఆర్కిడుకు ఆయన 'టెసెల్లాటం' అని పేరిచ్చెను. గళ్లుపరచిన నేలవంటిదని దాని అర్థము. ఇప్పుడది వాండా అను ఇంటిలో చేరినది. దీపపుబుడ్డివంటి పువ్వులు గల సెరోపీజియా తీగలలో రెండు మూడింటిని మొదట వర్ణించినవాడు ఆయనే. ఆ పువ్వు గొట్టములో క్రిందికి వంగిన నూగుండును. చిన్న ఈగ లోనికి పోవును గాని బయటికి రాలేదు. పువ్వు ముదిరి నూగు వాడగానే, పుప్పొడి మోసికొని అది విడుదల పొందును. ఈ తీగ దుంపలను కూడ బీదలు తినెడివారు. తపసి, చెన్నంగి మొదలగు చెట్లకు శాస్త్రనామములు ఇచ్చినదియు రాక్స్‌బర్గే. తపసి బంకను ఇప్పటికిని మన్యములోని గిరిజనులు గీచి తెచ్చి అమ్ముకొనుచున్నారు.

మోదుగ సంగతి వేరు. ఫాల్గుణ మాసమున అడవికి నిప్పంటుకొన్నట్లు పూయు ఆ చెట్టుకు ఆయన ఇచ్చిన ఇంటిపేరు 'బ్యూటియా'. అది ఒకప్పుడు ఇంగ్లాండు ప్రధానమంత్రిగా నుండి వృక్షశాస్త్రమును ప్రేమించిన బ్యూటు ప్రభువు పేరు. ఆ ప్రభువు మోదుగ నీడను నిలిచినవాడు కాడు, మోదుగ విస్తరిలో అన్నము తిన్నవాడు కాడు. ఈ విషయమున మాత్రము కారల్లమునకు చేసినట్లే మోదుగకును చేసియుండవలసినదని నా అభిప్రాయము.

1789 మొదలు కొన్ని సంవత్సరములు ఉత్తర సర్కారులలో వానలు సరిగా కురియలేదు. కరవు వచ్చెను. సామర్లకోట చుట్టునున్న పల్లెలలో జనులు చనిపోవుట రాక్స్‌బర్గు కన్నులార చూచెను. వరిపైరు ఒక్కటి పోయిన యెడల బీదలకు వేరొక ఆధారము లేదని గ్రహించి, కొబ్బరి, ఈత, తాడి, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు మొదలైనవి కాలువగట్ల మీదను బాటల ప్రక్కనను నాటించవలెనని, వాన తప్పినను ఇవి కొంత తిండి నిచ్చుననియు దొరతనమునకు వ్రాసెను. ఏ కంపెనీ శిస్తు వసూలు చేయుచుండెనో ఆ కంపెనీ జీతమే ఆయన తినుచుండెనని మరువరాదు. తన తోటలోని మిరియపు లాభమును ఆయన చేతులే లెక్కించెను, ఆకలిగొన్నవారికి చెట్లు నాటించుడని అదే చేతులు వ్రాసెను. ఒకదాని చేత రెండవది కొట్టివేయబడదు, రెండును ఆయనవే.

1793లో కలకత్తాకు ఎదుట హుగ్లీనది ఒడ్డున శిబపురములోని కంపెనీ వృక్షోద్యానమునకు అధిపతి కర్నల్ కిడ్డు చనిపోగా, రాక్స్‌బర్గును ఆ స్థానమునకు పిలిచిరి. సామర్లకోట తోటను చూచుకొనుటకు బెంజమిను హేన్ అను మొరేవియను వైద్యుడు వచ్చెను. ఆ సంవత్సరము నవంబరు మాసముననే వేరొకడు కలకత్తాలో ఓడ దిగెను. చెప్పులు కుట్టి, పాఠశాల నడిపి, సంఘకాపరియై, భార్యాబిడ్డలతో చేతిలో చిల్లిగవ్వ లేక వచ్చిన విలియం కేరీ. చిన్ననాటినుండి మొక్కల పిచ్చి గల కేరీ, శిబపురపు తోటలో ఉద్యోగము ఖాళీగా నున్నదని విని, అది దొరకిన యెడల తన కుటుంబము బ్రతుకుననియు సువార్త చెప్పుకొనుటకు వీలగుననియు ఆశపడెను. అడుగునప్పటికే ఆ ఉద్యోగము రాక్స్‌బర్గుకు ఇయ్యబడినది. కేరీ సుందరవనములకు, అచ్చటినుండి మాల్దా ప్రాంతపు నీలిమందు కర్మాగారమునకు పోయెను. తాను కోరిన స్థానమును పొందిన మనుష్యునిమీద అసూయ పడుట మానవ స్వభావము. కేరీ ఆయనకు మొక్కలను పంపుటకు మొదలుపెట్టెను.

ఆ స్నేహము ఇరువది సంవత్సరములు సాగెను. 1800లో కేరీ శ్రీరాంపురమున స్థిరపడి, మిషను ఆవరణములో సుమారు అయిదెకరముల తోట వేసి, దానిని లిన్నేయసు క్రమములో నాటెను. నది మీదుగా విత్తనములు, అంట్లు, దుంపలు అటునిటు పోవుచుండెను. రాక్స్‌బర్గు ఒక క్రొత్త జాతికి 'కేరియా' అని పేరు పెట్టి మిత్రుని గౌరవించెను. ఆ జాతిలో ఒకటి మన అడవులలోను పెరుగు కుంభి చెట్టు. మరియొకటి చెట్టే కాదు. 'కేరియా హెర్బేసియా' అను ఆ మొక్క బెంగాలు ఉత్తరపు గడ్డిమైదానములలో నేలను అంటిపెట్టుకొని యుండును. గడ్డి తగులబడిన తరువాత నల్లని నేలలోనుండి పువ్వులు పైకి వచ్చును. భార్య మతిస్థిమితము కోల్పోగా, బిడ్డను పాతిపెట్టి, ఏడేండ్లు ఒక్క దేశీయ విశ్వాసిని చూడకయే పనిచేసిన మనుష్యుని పేరు ఆ పువ్వుకు ఉండుట నాకు తగినదిగా తోచును. రాక్స్‌బర్గు ఆ భావముతో పెట్టెనని నేను చెప్పుట లేదు.

ఆయన ఇచ్చిన పేర్లలో బైబిలు చదువరులకు ముఖ్యమైనవి మరి రెండు కలవు. సాల వృక్షమునకు 'షోరియా' అను పేరు ఆనాటి గవర్నరు జనరలు సర్ జాన్ షోరు నుండి వచ్చినది. ఆయనే తరువాత టీన్‌మతు ప్రభువై, 1804లో స్థాపింపబడిన బ్రిటిషు విదేశీయ బైబిలు సొసైటీకి మొదటి అధ్యక్షుడయ్యెను. రెండవది 'బోస్వెల్లియా'. మన కొండలలోని అందుగు చెట్టును వర్ణించుచు, రాక్స్‌బర్గు ఈ ఇంటిపేరును ఎడింబరో వైద్యుడు జాన్ బోస్వెల్ పేరుమీద ఏర్పరచెను. ఆయన మూడవ భార్య బోస్వెల్ వంశపుదే. అరేబియా, సోమాలియా దేశములలో సాంబ్రాణి నిచ్చు చెట్లు కూడ ఈ ఇంటివేయని తరువాత స్థిరపడినది. తూర్పుదేశపు జ్ఞానులు బేత్లెహేమునకు తెచ్చిన సాంబ్రాణి బంక ఇట్టి చెట్టుదే.

ఆయన పేరును, రాట్లరు పేరును మొక్కలకు పెట్టిన ప్రయత్నములు మాత్రము నిలువలేదు. రాక్స్‌బర్గు పేర 'రాక్స్‌బర్గియా' అని ఒక తీగకు పేరుంచిరి. ఆయన స్వయముగా, వసంతగుండ అను ఎర్రని రంగుపొడి నిచ్చు చెట్టుకు బోధకుడైన రాట్లరు పేర 'రాట్లెరా' అని పేరు పెట్టెను. ఈ రెండు జాతులను 1790లోనే లూరేరో అను పోర్చుగీసు జెస్యూటు పాదిరి వియత్నాము ప్రాంతమునుండి వర్ణించి వేరు పేర్లతో అచ్చు వేయించియుండెను. ముందు అచ్చయినదే నిలుచునను నియమము ప్రకారము స్కాట్లాండువాని పేరును, లూథరను బోధకుని పేరును రెండును తొలగి, పాదిరి ఇచ్చిన పేర్లు మిగిలినవి. ఆ పాదిరిని ఆక్షేపింపలేము. ఆయనయు అడవిలో ఒంటరిగా తిరిగి కష్టపడినవాడే.

శిబపురమున రాక్స్‌బర్గు ఇరువదేండ్లు గడపెను. ఆయన వచ్చినప్పుడు తోటలో 300 రకముల మొక్కలుండగా, విడిచి పోవునప్పటికి సుమారు 3,500 అయ్యెను. ఓడల త్రాళ్లకు పనికివచ్చు నారలనుగూర్చి పరిశోధించెను. జాపత్రి, జాజికాయ, టేకు, ఎన్నిటినో నాటించెను. కాని దేహము జ్వరములచేత క్రుంగిపోయెను. 1813లో ఆరోగ్యము పూర్తిగా చెడి ఆయన మన దేశమును విడిచెను. పోవునప్పుడు తన జీవితకాలపు వ్రాతప్రతిని, భారతదేశపు మొక్కల వర్ణన అంతటిని, కేరీ చేతిలో పెట్టెను. త్రోవలో సెంట్ హెలీనా దీవిలో ఆగినప్పుడు కూడ ఊరకుండక ఆ దీవి మొక్కల పట్టికను వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. గ్రేఫ్రయర్సు దేవాలయపు ఆవరణములో బోస్వెల్ వంశమువారి సమాధియందు ఆయనను ఉంచిరి.

ఇక మిగిలినది వ్రాతప్రతి. ఆయన వర్ణించిన మొక్కలు అనేకములు అచ్చు కాలేదు. యూరపులో వేరే పండితులు ఆ మొక్కలనే చూచి వేరే పేర్లు పెట్టి అచ్చు వేసికొనుచుండిరి. ఏడాది ఆలస్యమైనకొలది కొన్ని పేర్లు పోవుచుండెను. 1814లో కేరీ శ్రీరాంపురము ముద్రణాలయమునుండి 'హార్టస్ బెంగాలెన్సిస్' అను తోట పట్టికను తన పీఠికతో ప్రచురించెను. రెండేండ్ల ముందే, 1812 మార్చి 11న, ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, అనేక భాషల అచ్చక్షరములు, వ్రాతప్రతులు బూడిదయ్యెను. తెలుగు సువార్తలు మూడు, విశాఖపట్టణమున దెగ్రాంజి, ఆనందరాయరు కలిసి అనువదించినవి, అదే సంవత్సరము అదే ముద్రణాలయములో అచ్చయినవి. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఒక్క సంవత్సరమున ఒక్క యంత్రశాలనుండి తెలుగు భాషకు వ్యాకరణము, రాక్స్‌బర్గు మొక్కలకు పట్టిక వచ్చినవి.

అయితే పట్టిక పేర్ల వరుస మాత్రమే. వర్ణన లేని పేరును శాస్త్రము అంగీకరింపదు. గ్రంథమంతయు అచ్చు కావలెను. 1820లో 'ఫ్లోరా ఇండికా' మొదటి సంపుటము వచ్చెను. డేనిషు వైద్యుడైన వాలిక్ అందులో తాను కనుగొన్న మొక్కలను కూడ చేర్చుచు పోయెను. చేర్చినకొలది పని పెరిగెను. 1823 వరదలో కేరీ తోట నీట మునిగి, లోనున్న మొక్కలలో అధికభాగము నశించెను. రెండవ సంపుటము 1824లో వెలువడి పని ఆగిపోయెను. సుమారు పందొమ్మిది సంవత్సరములు వ్రాతప్రతి కేరీ యొద్దనే యుండెను. ఈలోపల ఆయన తెలుగు క్రొత్త నిబంధనను 1818లో, పంచకాండములను 1821లో అచ్చువేయించెను. ఇట్లు ఎన్నో భాషల పని చేతినిండ నుండగా మొక్కల గ్రంథమును ఎవరైన మరచిపోయిన తప్పు పట్టుటకు వీలులేదు. తుదకు రాక్స్‌బర్గు కుమారులు వ్యయమును భరించుటకు ముందుకు రాగా, తండ్రి వ్రాసినది వ్రాసినట్లుగా, వేరెవరి చేర్పులు లేక, మూడు సంపుటములును 1832లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. అప్పటికి కేరీకి డెబ్బది దాటినవి. ముఖపత్రముపై ఆయన 145వ కీర్తనలోని ఒక మాటను వేయించెను.

మన తెలుగు బైబిలులో మత్తయి సువార్త 6వ అధ్యాయమున ప్రభువు చూపిన పువ్వులను అనువాదకులు లిల్లీలని వ్రాయలేదు, తామరలని వ్రాయలేదు, అడవిపువ్వులని వ్రాసిరి. పలస్తీనాలోని ఆ పువ్వు ఏదో పండితులు ఇప్పటికిని వాదించుచున్నారు గనుక, ఒక్క మొక్కకు కట్టుబడక అన్నిటిని ఇముడ్చుకొన్న ఆ మాట నాకు సరిగా కనబడును. వితంతువుకు, కూలివానికి, పశువుల కాపరికి అది వెంటనే అర్థమగును. తమ పొలము గట్టుననున్నదే వారి కంటికి కనబడును. రాక్స్‌బర్గు దీనికి ఎదుటి త్రోవను నడిచెను. అడవిపువ్వులన్నిటిని ఒక్క మాటలో ఇముడ్చక, ఒక్కొక్కదానిని విడదీసి, ఇది వేరు అది వేరు అని చూపి, ఒక్కొక్కదానికి పేరిచ్చెను. ఆదికాండములో ఆదాము ఎదుటికి జీవులు వచ్చినప్పుడు జరిగిన పని ఈ రెండవ విధమైనది. రెండు త్రోవలును కేరీకి తెలియును. ఉదయము వాక్యమును అనువదించి, సాయంకాలము తోటలో పువ్వును విప్పి చూచెడివాడు.

ఇంగ్లాండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఖాళీ చేసి, మిగిలిన మట్టిని కేరీ ఒక నీడపట్టున దులుపగా, కొన్నాళ్లకు అందులోనుండి తన చిన్ననాటి పొలములలోని డైజీ మొలిచెనట. ఏడాదికేడాది దాని విత్తనమును కాపాడుచు వచ్చెను. ఆ మొక్కకు లిన్నేయసు ఎన్నడో పేరు పెట్టియే యుండెను.

కేరీ 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించెను. 'ఫ్లోరా ఇండికా' అచ్చు పూర్తియై రెండేండ్లు కూడ నిండలేదు. ఆ సంపుటములు ఇప్పుడును వృక్షశాస్త్రజ్ఞుల బల్లలమీద నున్నవి. వాటి పుటలు త్రిప్పిన తెలుగువానికి, లాటిను పేర్ల నడుమ, ఇంగ్లీషు లిపిలో తడబడుచు వ్రాయబడిన తన అవ్వ మాటలు కనబడును: మద్ది, ఇప్ప, బిల్లుడు, సోమిద, కారల్లము.